కరువు రోజుల్లో కాగితం

1876లో మొదలై దక్షిణ భారతాన్ని ఎండగట్టిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ రోజుల్లో సర్కారు పెట్టిన సహాయ పనులంటే మట్టి తవ్వడం, కంకర కొట్టడం, కాలువ తీయడం. మద్రాసు నగరం లోపల బకింగ్‌హాం కాలువను కలిపిన భాగం ఆ కరువు కూలీలు తవ్విందే. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా అని సర్ రిచర్డ్ టెంపుల్ కట్టిన కూలి మనిషి ప్రాణం నిలబెట్టడానికే చాలదని అప్పుడే విమర్శలు వచ్చాయి. పనిలేక కష్టపడిన వాళ్లలో రైతు కూలీలతో పాటు నేతగాళ్లూ ఉన్నారు. మగ్గం గుంటలో కూర్చుని తెగిన పోగును వేలికొసలతో అతికే చేయి నెలల తరబడి సమ్మెట పడితే కాయలు కాస్తుంది, ఆ తర్వాత సన్నని నూలు దానికి లొంగదు. వానలు పడగానే రైతు పొలానికి తిరిగిపోతాడు. చేయి మొద్దుబారిన నేతగాడు మగ్గానికి తిరిగి వెళ్లలేడు. 1880ల్లో తయారైన కరువు నిబంధనల్లో నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే పని చూపించాలనే ఏర్పాటు చేరింది. 1896-97 కరువులో బళ్లారి ప్రాంతంలో దాన్ని అమలుచేశారు. సర్కారు నూలు ఇచ్చింది, నేతగాడు ఇంటి దగ్గరే నేశాడు, బట్ట సర్కారు తీసుకుని కూలి చెల్లించింది.

ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట ఆ నూలులోనే ఉంది. గడ్డు రోజులు రాగానే కళలకు ప్రభుత్వం డబ్బివ్వాలా వద్దా అని వాదించుకోవడం మనకు అలవాటు. ఇవ్వాలనేవాళ్లు సంస్కృతి వైభవం గురించి మాట్లాడతారు, వద్దనేవాళ్లు ఖాళీ కంచం చూపిస్తారు. కళ ఒక చోట, కూడు ఒక చోట ఉంటాయని ఇద్దరూ ఒప్పుకునే వాదిస్తారు. కూటి కోసం కోటి విద్యలు అన్న మన సామెతకు ఆ విభజన తెలియదు. పని తెలిసిన చేతికి ఆ పనే కూడు. అందుకని కరువులో కళకు అందే సహాయాన్ని మూడు ప్రశ్నలతో తూచాలి. ఆ చేతికి తెలిసిన పనే ఇచ్చారా? దానికి తగిన వెల కట్టారా? కరువు పోయాక కూడా కొనేవాళ్లు నిలిచారా? ఈ మూడింటికీ జవాబు దొరికే చోటు ఉత్తర బిహార్‌లోని మిథిల. మధుబని బొమ్మలుగా ఇవాళ మనకు చీరల మీద, గ్రీటింగ్ కార్డుల మీద కనిపించే ఆ చిత్రకళ కాగితం మీదికి వచ్చింది ఒక కరువు ఏడాదిలోనే.

అంతకుముందు ఆ బొమ్మలకు కాగితంతో పెద్దగా పని లేదు. అవి గోడకు చెందినవి, పెళ్లికి చెందినవి. మైథిలీ కుటుంబాల్లో పెళ్లి నిశ్చయమైతే ఇంట్లో ఒక గదిని కోహ్‌బర్ ఘర్‌గా సిద్ధం చేస్తారు, కొత్త దంపతులు తొలి రాత్రులు గడిపే గది అది. మట్టిగోడను పేడతో అలికి, పిండినీళ్లతో తెల్లబరిచి, ఇంటి ఆడవాళ్లు కూర్చుని గీస్తారు. నడుమ నిలువుగా లేచిన వెదురు, దాని చుట్టూ గుండ్రని తామరాకులు, పక్కన చేపలు, తాబేళ్లు, చిలుకల జంటలు, పైన సూర్యచంద్రులు. వంశం వెదురు పొదలా పెరగాలని, తామర కొలనులా నిండాలని ఆ బొమ్మల్లో ఉన్న కోరిక. నాలుగు మూలలా నైనా జోగిన్ అనే ముసుగు వేసుకున్న స్త్రీని వేస్తారు, జంటకు దిష్టి తగలకుండా. కుంచె అంటే కొసకు దూది చుట్టిన వెదురు పుల్ల. నలుపు దీపపు మసి, పసుపు మన వంటింటి పసుపే. నేల మీద బియ్యప్పిండి నీళ్లలో వేలు ముంచి వేసే అరిపన్ ఆ కళకు మరో ముఖం. మన ముగ్గు తెలిసినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. తల్లి గీస్తుంటే కూతురు రంగు నింపేది, కొన్నేళ్లకు ఆ కూతురే గీత గీసేది. పేరు రాసుకోవడం లేదు, వెల లేదు. కొంతకాలానికి గోడ మాసిపోతే అలికేస్తారు. మరో పెళ్లికి మళ్లీ గీస్తారు.

బయటి ప్రపంచం ఈ గోడల్ని చూడటానికి ఒక విపత్తు కారణమైంది. 1934 జనవరి 15న వచ్చిన భూకంపం ఉత్తర బిహార్‌ను, నేపాల్‌ను కూల్చేసింది. అప్పుడు మధుబనిలో సబ్ డివిజనల్ అధికారిగా ఉన్న విలియం ఆర్చర్ నష్టం చూడటానికి ఊళ్లు తిరుగుతుంటే, పగిలిన ఇళ్లలో లోపలి గోడలు బయటపడి కనిపించాయి. పరాయి మగవాడు ఎన్నడూ అడుగుపెట్టని గదుల గోడలవి. ఆయన వాటిని ఫొటోలు తీశాడు, 1949లో మార్గ్ పత్రికలో వాటి మీద వ్యాసం రాశాడు. ఆధునిక యూరప్ చిత్రకారుల పనితో వాటికి పోలికలు చూశాడు. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. అయితే గీసిన స్త్రీల బతుకులో ఆ వ్యాసం ఏ మార్పూ తేలేదు. కళను కనిపెట్టడం, పొగడటం, దాచుకోవడం మంచి పనులే. వాటివల్ల గీసే మనిషి ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ పొయ్యి సంగతి ప్రభుత్వానికి గుర్తురావడానికి భూకంపం తర్వాత ముప్పై ఏళ్లకు పైగా, మరో విపత్తు కావలసి వచ్చాయి.

1966 నాటి దేశాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. అంతకుముందు ఏడాదే పాకిస్తాన్‌తో యుద్ధం. వరసగా రెండేళ్లు వానలు లేవు. ఆ ఒక్క ఏడాదిలో విదేశాల నుంచి తెచ్చుకున్న తిండిగింజలు కోటి టన్నులు దాటాయి, అందులో ఎక్కువ భాగం అమెరికా గోధుమలు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. 4 రూపాయల 76 పైసలున్న డాలరు ఏడున్నర రూపాయలైంది. నాలుగో పంచవర్ష ప్రణాళిక ఆగిపోయి, మూడేళ్ల పాటు ఏటికేడు ప్రణాళికలతో నెట్టుకొచ్చారు. బిహార్‌లో పరిస్థితి మరీ దారుణమై 1967 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం కరువును అధికారికంగా ప్రకటించింది. జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలో స్వచ్ఛంద సహాయ సంఘం పనిచేసింది. ఉచిత వంటశాలలు, చెరువుల పూడికతీత, రోడ్ల పని, బావుల తవ్వకం సాగాయి. కళల మాట ఎత్తడానికి ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదని ఎవరైనా అంటారు. ఖజానాలో డబ్బు లేదు, విదేశీ మారకం లేదు, గాదెలో గింజ లేదు.

అలాంటి సమయంలో అఖిల భారత హస్తకళల బోర్డులో పనిచేస్తున్న పుపుల్ జయకర్, బొంబాయికి చెందిన చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని మధుబని ప్రాంతానికి పంపారు. ఆయన వెంట కాగితం పంపారు. గోడ మీద గీసే బొమ్మల్ని కాగితం మీద గీయమని ఆడవాళ్లను అడగాలి, గీసినదాన్ని కొనాలి, అదీ పని. జిత్వార్‌పూర్, రాంటీ వంటి ఊళ్లలో మొదట ముందుకు వచ్చింది కొద్దిమందే. ఇంటి శుభకార్యానికి గీసేదాన్ని డబ్బుకు గీయడమేమిటన్న సంకోచం వాళ్లకు ఉండటం సహజం. సీతాదేవి, జగదంబా దేవి, మహాసుందరీ దేవి, గంగాదేవి అలా కాగితం అందుకున్న తొలి తరం వాళ్లు. గోడకు అంచు ఉండదు, గీత ఎక్కడిదాకా పోతే బొమ్మ అక్కడిదాకా. కాగితానికి నాలుగు అంచులు ఉంటాయి. వాళ్లు ఆ అంచుల్ని పూల వరసలతో కట్టి, నడుమ దేవుణ్ణో వధూవరుల్నో నిలబెట్టి, ఖాళీ అన్నది లేకుండా ఆకులతో చేపలతో నింపారు. కొందరు కాగితానికి ముందుగా పలచని పేడనీళ్లు పూసి ఆరబెట్టారు. తెల్ల కాగితానికి మట్టిగోడ రంగు వచ్చింది, చేతికి తెలిసిన నేల దొరికినట్టయింది. రెండు సన్నని గీతలు పక్కపక్కన గీసి, వాటి నడుమ అడ్డంగా చిన్న చిన్న గీతలు వేసుకుంటూ పోయే పనితనం గోడ మీద కంటే కాగితం మీద ఇంకా సన్నబడింది. ఢిల్లీలో ఆ బొమ్మలు ప్రదర్శనకు, అమ్మకానికి వచ్చాయి. హస్తకళలు, చేనేత ఎగుమతుల సంస్థ కొని విదేశాలకు పంపింది.

ఇందులో ప్రభుత్వం పెట్టిన ఖర్చు పెద్దది కాదు. ఫలితం అంత దూరం ఎందుకు వెళ్లిందో చూడాలి. ఆ ఊళ్ల అగ్రకుటుంబాల్లో ఆడవాళ్లకు పరదా కట్టుబాటు ఉండేది. రోడ్డు పక్కన తట్ట మోసే పనికి వాళ్లు రాలేరు. ఇంట్లో గింజలు లేకపోయినా గడప దాటడానికి ఆచారం ఒప్పుకోదు. మట్టిపనిని మాత్రమే సహాయంగా ఎంచే ప్రభుత్వానికి అలాంటి ఇంటి ఆకలి కనబడదు. కాగితం మాత్రం గడప దాటి లోపలికి వెళ్లగలిగింది. బళ్లారి నేతగాడి ఇంటికి నూలు వెళ్లినట్టే వెళ్లింది. ఇంకొక విషయం కూడా గమనించాలి. అప్పటికి మన దేశంలో సంగీత నాటక అకాడమీ, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ వచ్చి పదేళ్లు దాటింది. మధుబనికి వెళ్లింది వాటిలో ఏదీ కాదు. వెళ్లిన బోర్డు వాణిజ్య శాఖ కింద ఉండేది. దానికి ఉపాధి, ఎగుమతి, డాలర్లు అనే లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కల వల్లనే కరువు రోజుల్లో దాని చేతిలో పైకం మిగిలింది. ఆ లెక్కల వల్లనే తర్వాతి కాలంలో ఆ బొమ్మల్ని చిత్రకళగా కాక హస్తకళగా, ఇన్ని కాగితాలకు ఇంత అని చూసే అలవాటు కూడా స్థిరపడింది. మేలూ కీడూ ఒకే తలుపు గుండా వచ్చాయి.

మన శ్రీకాళహస్తి కలంకారీ కథ కూడా ఈ బోర్డుతో ముడిపడినదే. దేవాలయాల్లో వేలాడదీసే కథల తెరలు రాసేవాళ్లు స్వాతంత్ర్యం వచ్చేనాటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. బోర్డు అధ్యక్షురాలు కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా కూర్చున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కరక్కాయ నీళ్లలో నానిన బట్ట మీద వెదురు కలం నడవడం ఆగిపోకుండా ఉండటానికి ఒక గురువుకు జీతం, కొందరు పిల్లలకు నేర్చుకునే రోజుల్లో కాస్త ఆసరా సరిపోయాయి. దేశం అప్పుడూ సంపన్నంగా లేదు. 1950ల చివర కూడా విదేశీ మారకానికి కటకటే. పేదరికంలోనూ ఇది సాధ్యమైంది, ఎందుకంటే చేతికి పని ఇవ్వడం ఖరీదైన వ్యవహారం కాదు.

సంపన్న దేశాలూ తమ కరువులో ఇదే తలుపు తట్టాయి. 1933లో అమెరికాలో పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ డిసెంబరులో మొదలై కొద్ది నెలలే నడిచిన పథకం 3,749 మంది చిత్రకారులకు, శిల్పులకు కూలి ఇచ్చి 15,663 కళాకృతులు చేయించింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఉపాధి పథకంలో భాగంగా చిత్రకళకు, సంగీతానికి, నాటకానికి, రచనకు వేర్వేరు విభాగాలు తెరిచింది. ఒక దశలో వాటిలో 40,000 మంది దాకా పనిచేశారు, అయినా మొత్తం ఉపాధి పథకం ఖర్చులో వాటి వాటా నూటికి ఒకటి కంటే తక్కువ. కళాకారులూ అందరిలాగే తినాలి కదా అని ఆ పథకం అధిపతి హ్యారీ హాప్కిన్స్ విమర్శకులకు ఇచ్చిన జవాబు. న్యూయార్క్‌లో వారానికి 23 డాలర్ల చిల్లర జీతం మీద గీసిన యువకుల్లో జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో ఉన్నారు. రచయితల విభాగం 1936-38 మధ్య ముసలివాళ్లైన ఒకప్పటి బానిసల ఇళ్లకు వెళ్లి 2,300కు పైగా వాంగ్మూలాలు రాసుకొచ్చింది. మరో పదేళ్లు ఆగి ఉంటే వాటిని చెప్పడానికి ఆ మనుషులు మిగిలి ఉండేవాళ్లు కాదు. మంచి రోజులు వచ్చాక చేద్దాం అనుకుంటే కొన్ని పనులకు మంచి రోజులు రావు.

అయినా తిండికి లేనప్పుడు బొమ్మలకు పైసా ఖర్చుపెట్టడం న్యాయమా అన్న ప్రశ్న నిలబడుతుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. పసిపిల్ల గంజి కోసం ఏడుస్తుంటే గంజి పోయడమే మొదటి ధర్మం. గంజి మానేసి కాగితం పంచమని ఎవరూ అనలేదు, మిథిలలో అలా జరగనూ లేదు. ప్రభుత్వం కరువులో ఎలాగూ పని కల్పిస్తుంది. కల్పించే పనుల్లో ఏవి ఉండాలన్నదే ఇక్కడి చర్చ. గీత గీయగల స్త్రీ చేత మట్టి మోయిస్తే ఆమెకు ఆ వారం కూలి వస్తుంది. ఆమె గీసినదాన్ని కొంటే ఆ వారం కూలితో పాటు వచ్చే ఏడాదికీ ఒక దారి ఏర్పడుతుంది. మిథిలలో కాగితం బొమ్మలు వానలు కురిశాక ఆగిపోలేదు. జగదంబా దేవికి 1975లో, సీతాదేవికి 1981లో, గంగాదేవికి 1984లో పద్మశ్రీలు వచ్చాయి. పిలిస్తే తప్ప మగవాళ్ల ముందుకు రాని స్త్రీలు జపాన్, అమెరికా, యూరప్ వెళ్లి గీసి వచ్చారు. కరువు పనిగా మొదలైనది అర్ధ శతాబ్దం దాటాక కూడా వేల ఇళ్లకు తిండి పెడుతోంది. మరే కరువు పని గురించైనా ఇంత మాట చెప్పడం కష్టం.

ఇంకొందరి అభ్యంతరం కళ వైపు నుంచి వస్తుంది. పెళ్లిగదికి గీసినదాన్ని అమ్మకానికి పెట్టి ప్రభుత్వం దాని పవిత్రతను పోగొట్టిందని వాళ్ల బాధ. ఈ బాధలో నిజం ఉంది. దళారులు ఊళ్లలోకి దిగాక ఏ బొమ్మ అమ్ముడుపోతే అదే బొమ్మ వందలకొద్దీ గీయించారు. ఎక్కువ గీసినవాళ్లకే ఎక్కువ డబ్బు కాబట్టి చేయి తొందరపడింది. అయితే కోహ్‌బర్ గోడలు ఆగిపోలేదు, పెళ్లిళ్లలో వాటి చోటు వాటికి ఉంది. కాగితం కొత్త చోటు తెరిచింది. గంగాదేవిని చూస్తే ఆ చోటు ఎంత విశాలమో తెలుస్తుంది. భర్త మరో పెళ్లి చేసుకోగా ఒంటరిగా మిగిలి, బొమ్మల మీదే బతికిన స్త్రీ ఆమె. తన చేతికి వచ్చిన కచ్నీ గీతతో, అంటే రంగు నింపకుండా సన్నని గీతలతోనే అల్లే పద్ధతితో, ఆమె మనిషి పుట్టుక నుంచి సాగే జీవితచక్రాన్ని వరస బొమ్మలుగా గీసింది. 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవానికి వెళ్లి వచ్చి, అక్కడ చూసిన వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని, ఎక్కి తిరిగిన రోలర్ కోస్టర్‌ను మిథిల గీతలోకి దించింది. క్యాన్సర్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచాన్ని, డాక్టర్లను, సూదులను, తన భయాన్ని గీసింది. పెళ్లిగోడ మీద నైనా జోగిన్ కన్ను దిష్టిని కాచినట్టు, ఆ గీత ఆమె చివరి రోజుల్ని కాచింది. గోడ మీద వీటికి చోటు లేదు. ఈ పనిని చెడిపోయిన సంప్రదాయం అనే సాహసం నాకు లేదు.

ఆ కాగితం అందరికీ అందిందా అంటే, లేదు. మొదటి విడతలో అది బ్రాహ్మణ, కాయస్థ ఇళ్ల గడపలే తొక్కింది. కరువు ఎక్కువ కాటేసింది వాళ్ల పొలాల్లో పనిచేసిన దుసాధ్, చమార్ కుటుంబాల్ని. ప్రభుత్వం కళ అని దేన్ని గుర్తుపడుతుందో సహాయం అక్కడికే వెళ్తుంది. గుర్తుపట్టే కన్నుకు అలవాటైన మెట్లు ఉంటాయి. ఈ లోపాన్ని సరిచేసింది ప్రధానంగా ఆ స్త్రీలే. 1970ల్లో జర్మన్ పరిశోధకురాలు ఎరికా మోజర్ ప్రోత్సాహంతో దుసాధ్ స్త్రీలు తమకు తెలిసినదాన్ని కాగితం మీద పెట్టారు. ఒంటి మీద పొడిపించుకునే పచ్చబొట్టు గుర్తుల్ని వరసలుగా పేర్చి, తమ వీరుడు రాజా సల్హేస్ కథలు గీశారు. గోద్నా శైలి అలా పుట్టింది, చానో దేవి పేరు దానితో నిలిచింది. జాలరి కుటుంబంలో పుట్టి, మహాసుందరీ దేవి, కర్పూరీ దేవి ఉండే ఇంట్లో పాచిపని చేస్తూ గీయడం నేర్చుకున్న దులారీ దేవికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది ఒకటి. మొదట తప్పుగా పంచినా, పని అంటూ ఊళ్లో నిలిస్తే, దాన్ని అందుకోవడానికి కింది మెట్టువాళ్లు దారి వెతుక్కుంటారు. పనే లేకపోతే ఆ దారీ ఉండదు. అందుకని ఈ అభ్యంతరం సహాయం మానేయడానికి కారణం కాదు, ఎవరి చేతిలో ఏ పని ఉందో ముందే ఊరంతా తిరిగి చూడటానికి కారణం.

డబ్బిచ్చిన ప్రభుత్వం నోరు కూడా కట్టేస్తుందన్న భయం అన్నిటికంటే బరువైనది. అమెరికా నాటక విభాగానికి సరిగ్గా అదే జరిగింది. పేద ప్రేక్షకులకు తక్కువ టిక్కెట్టుతోనూ, చాలా చోట్ల ఉచితంగానూ నాటకాలు చూపి, ఇళ్ల కొరత గురించీ కరెంటు కంపెనీల గురించీ వేదిక మీద మాట్లాడిన ఆ విభాగాన్ని, కమ్యూనిస్టుల అడ్డా అనే నింద వేసి 1939 జూన్‌లో కాంగ్రెస్ మూసేసింది. 1938 చివర విచారణకు పిలిచినప్పుడు దాని డైరెక్టర్ హాలీ ఫ్లానగన్‌ను, ఆమె ప్రస్తావించిన క్రిస్టఫర్ మార్లో కమ్యూనిస్టేనా అని ఒక సభ్యుడు అడిగాడు. మార్లో ఎలిజబెత్ రాణి కాలపు నాటక కర్త. దీనికి మందు డబ్బు ఆపడం కాదు, డబ్బు నడిచే దారి మార్చడం. బ్రిటన్ 1946లో యుద్ధంలో చితికిపోయి రేషన్ కార్డుల మీద బతుకుతున్నప్పుడే ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టింది. దాన్ని రూపొందించిన ఆర్థికవేత్త కీన్స్ పట్టుబట్టింది ఒకదాని మీదే: ఖజానా డబ్బు ఇవ్వాలి, ఎవరికి ఎంత అన్నది మంత్రి చేతిలో ఉండకూడదు. మిథిల స్త్రీలను కాపాడింది కూడా అలాంటి దూరమే. ఏం గీయాలో చెప్పే మంత్రి వాళ్ల వాకిట్లోకి రాలేదు. వాళ్లకు కాగితం వచ్చింది, గీత వాళ్లదే.

ఇక మూడో ప్రశ్న మిగిలింది, కొనే చేయి నిలిచిందా అని. ఇక్కడ మన ప్రభుత్వాల లెక్క బాగాలేదు. అమెరికాలో యుద్ధం వచ్చి పనులు దొరకగానే 1943లో కళా విభాగాన్ని ముగించారు, న్యూయార్క్ గోదాములో ఉన్న కాన్వాసుల్ని తుక్కు కింద తూకానికి అమ్మేశారు. మన దగ్గర 2017లో మధుబని రైల్వే స్టేషన్ గోడల్ని అంత అందంగా నింపిన కళాకారులు ఆ పని శ్రమదానంగా చేశారు. వాళ్ల ప్రేమకు నమస్కరించాలి. అయితే ఇటుకలు పేర్చినవాడికి, రంగు డబ్బాలు అమ్మినవాడికి ఇచ్చినట్టే గీసినవాళ్లకూ వెల ఇవ్వడం ప్రభుత్వ స్థలాల ధర్మం. కోవిడ్‌తో ఎగుమతులు, సంతలు ఆగిపోయి చేతిపనివాళ్లు అల్లాడుతున్న 2020 ఆగస్టులో అఖిల భారత హస్తకళల బోర్డును రద్దు చేశారు. 2021 మార్చిలో హస్తకళలు, చేనేత ఎగుమతుల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొన్నేళ్లుగా నష్టాల్లో ఉందన్నది చెప్పిన కారణం, అది అబద్ధం కాదు. బోర్డు కూడా అప్పటికి సలహాలకే పరిమితమైంది. కానీ కరువులో పుట్టిన పనికి ప్రాణం పోసిన సంస్థల్ని మరో కరువులో ఎత్తేసి, ఆ చోట కొనే మరో చేతిని చూపించకపోవడం నన్ను బాధపెడుతుంది. నష్టాల సంస్థను బాగుచేయవచ్చు, మార్చవచ్చు. కొనుగోలు అనే బాధ్యతను మూసేయడానికి వీల్లేదు. ప్రతి బడి, ఆసుపత్రి, బస్ స్టేషన్ కట్టేటప్పుడు ఖర్చులో నూటికి ఒక వంతు ఆ జిల్లా చేతిపనికి కేటాయిస్తే కొత్త పన్ను అక్కర్లేదు, కరువు వచ్చినప్పుడు పరుగెత్తాల్సిన పనీ ఉండదు. అమెరికా ఖజానా శాఖ 1934 నుంచి దాదాపు అలాగే పోస్టాఫీసు గోడల మీద బొమ్మలు వేయించింది.

గంగాదేవి తన చివరి సంవత్సరాల్లో, రోగంతో పోరాడుతూ, ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గదిని కోహ్‌బర్ ఘర్‌గా గీసింది. 1991లో ఆమె చనిపోయింది. 2015లో మ్యూజియం మరమ్మతుల్లో ఆ గోడలు పోయాయి. చాలామంది దుఃఖించారు, ఆ దుఃఖం న్యాయమైనది. మిథిల ఇంట్లో కూడా గోడ చెరిగిపోతుంది, అక్కడ ఎవరూ ఏడవరు. అలికిన గోడ ముందు మరో పెళ్లికి మరో అమ్మాయి వెదురు పుల్ల పట్టుకుని కూర్చుంటుందని వాళ్లకు తెలుసు. ఢిల్లీలో గోడ పోయినప్పుడు ఆ చోట గీయమని మరో చేతిని పిలుస్తారన్న నమ్మకం లేదు. కరువులో ప్రభుత్వం కాపాడాల్సింది ఆ పిలుపునే. ఇంట్లో పెళ్లి లేకపోయినా, సంతలో బేరం లేకపోయినా, ఇదిగో కాగితం, గీయి, వెల ఇస్తాం అని గడప దగ్గరికి వచ్చి పిలిచేవాళ్లు ఉంటే ఆ చేయి మొద్దుబారదు.